కాకి తన్నిన లచ్చవ్వను నేను చంపిన వైనం

బతికున్న మనిషిని చంపడానికి కత్తులూ విషాలూ అక్కర్లేదు. ఒక సెల్‌ఫోను, అందులో నెట్, తలలో ఉండాల్సిన దానికంటే కాస్త ఎక్కువ తెలివి ఉంటే చాలు. మా లచ్చవ్వను నేను అలాగే చంపాను. పట్టపగలు, మిరపకాయ బజ్జీ తింటూ, కుడిచేతి బొటనవేలితో చంపాను. పైగా ఆమె మేలు కోరి చంపాను. చచ్చిన తర్వాత ఆమె నన్నెంత భయపెట్టిందో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, తప్పులేదు. అప్పుడు మాత్రం నేను నవ్వలేదు.

మాది బోధన్. నేనూ శీనూ కలిసి ‘చెరుకు పిప్పి’ అని ఒక కామెడీ చానల్ పెట్టాం. నేను రాస్తాను, నటిస్తాను, అవసరమైనప్పుడు చీర కూడా కడతాను. శీను కెమెరా పడతాడు, మిగతా సమయమంతా నన్ను తిడతాడు. లచ్చవ్వ ఇందులోకి నటిగా రాలేదు, అడ్డంగా వచ్చింది. ఆమె ఇంటి అరుగు ముందు మేమేదో పెళ్ళిచూపుల కామెడీ తీస్తుంటే, చాటలో ఆకు పెట్టుకుని బీడీలు చుడుతున్న ఆమెకు మా షూటింగ్ గొడుగు వెలుతురు రాకుండా చేసింది. తలెత్తకుండా, చేతులు ఆపకుండా, మమ్మల్నీ మా కెమెరానూ మా వంశాలనూ కలిపి ఒకే ఊపిరిలో తిట్టింది. శీను కెమెరా ఆపడం మరిచిపోయాడు. పెళ్ళిచూపులు తీసి పక్కన పడేసి ఆ తిట్లే చానల్‌లో పెట్టాం. ఆ వారం నుంచి చానల్ అంటే లచ్చవ్వ, లచ్చవ్వ అంటే చానల్. మేమిద్దరం ఆమె వెనక నిలబడే గోడలం.

కానీ నవ్వులతో ఇల్లు గడవదు కదా. చానల్ నుంచి ఒక నెల బాగానే వచ్చేది, మరో నెల టీ ఖర్చులకు కూడా చాలేది కాదు. శీను వాళ్ళ బాపు అప్పటికే దుబాయ్ వీసా మాట్లాడిపెట్టాడు. సరిగ్గా అప్పుడే నిజామాబాద్‌లో పసుపు, కారం పొట్లాలు చేసి అమ్మే ఒక సేటు మా వీడియోలు చూసి ఫోన్ చేశాడు. పొట్లాల మీద లచ్చవ్వ బొమ్మ వేసుకుంటాడట, ప్రతి వీడియోలో ఆమె నోటితో పసుపు మాట చెప్పించాలట, బదులుగా ఏడాది పొడవునా మా ముగ్గురికీ నెలనెలా జీతాలట. వచ్చే బేస్తారం, అంటే గురువారం నాడు వచ్చి అవ్వను కళ్ళారా చూసి సంతకం పెడతానన్నాడు. అవ్వ ఉంటేనే ఒప్పందం, ఒప్పందం ఉంటేనే శీను ఉంటాడు, శీను ఉంటేనే చానల్. ఇంత సన్నటి దారం మీద మా బతుకు వేలాడుతుంటే నేనేం చేశానో ఇక వినండి.

మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లలో షూటింగ్ పెట్టుకున్నాం. మీరెప్పుడైనా మధ్యాహ్నం పూట అటు వెళ్ళారా? వరసగా ఇళ్ళు, ఒక్కదానికీ తలుపుండదు. ఒక గోడ మీద ఎవరో పిల్లవాడి ఎత్తు కొలిచిన సుద్ద గీతలు ఇంకా ఉంటాయి, ఆ గీతలు నడుం ఎత్తుకు వచ్చి ఆగిపోతాయి. మనం మాట్లాడితే మాట లోపలి గదుల్లోకి వెళ్ళి, కొంచెం ఆలస్యంగా, కొంచెం మారి తిరిగొస్తుంది. అక్కడ ఒక వరండాలో లచ్చవ్వ నన్ను చీపురుతో కొట్టాలి, నేను పరుగెత్తాలి. ఆమె చీపురు ఎత్తింది. ఎక్కడినుంచి వచ్చిందో ఒక కాకి, అరవకుండా, రెక్కల చప్పుడు కూడా లేకుండా వచ్చి ఆమె నడినెత్తిన తన్ని వెళ్ళిపోయింది.

నేను నవ్వాను. శీను కూడా నవ్వాడు. లచ్చవ్వ నవ్వలేదు. చీపురు కింద పెట్టి, కొంగు తల మీదికి లాక్కుని, అక్కడే గోడకు ఆనుకుని కూర్చుంది.

మా వైపు కాకి నెత్తిన తన్నితే కీడు. దానికి విరుగుడు కూడా ఉంది. తన్నించుకున్న మనిషి చచ్చిపోయిందని దగ్గరి చుట్టానికి ఉత్తుత్తి కబురు పంపాలి. ఆ చుట్టం నిజమనుకుని ఏడవాలి. ఆ ఏడుపుతో చావు వచ్చి పోయినట్టే లెక్క. తర్వాత అబద్ధమని చెబితే, వాళ్ళు నాలుగు తిట్లు తిట్టి, వచ్చి, కలిసి అన్నం తిని వెళ్తారు. ఇదంతా నాకు చిన్నప్పటినుంచీ తెలుసు.

“మెండోరల మా పోశెట్టికి కబురు పంపు. మీ అక్క సచ్చిపోయిందని చెప్పు,” అంది లచ్చవ్వ. “వాడు ఏడ్వాలె.”

పోశెట్టి ఆమె తమ్ముడు, మెండోరలో ఉంటాడు. ఆ పేరు ఆమె నోట నేను వినడం అదే మొదటిసారి. వాళ్ళ అమ్మ పోయినప్పుడు అక్క బస్సు దిగేదాకా ఆగకుండా అతను చితికి నిప్పు పెట్టాడట. ఈమె వెళ్ళేసరికి బూడిద కనబడిందట. ఆ రోజు వెనక్కి తిరిగిన మనిషి మళ్ళీ తమ్ముడి గడప తొక్కలేదు, అతనూ రాలేదు. ఇంకెవరైనా ఏడిస్తే సరిపోదా అని అడిగాను. సరిపోదంది. తోడబుట్టినవాడే ఏడవాలంది. అతని ఇంటి పక్క కిరాణా కొట్టు నంబరు చెప్పి, వాడు ఏడ్చేదాకా కెమెరా ముందు కూర్చునేది లేదని లేచి వెళ్ళిపోయింది.

ఇక్కడ మామూలు మనిషైతే కిరాణా కొట్టుకు ఫోన్ చేసేవాడు. నేను మామూలు మనిషిని కాదు, మీడియా మనిషిని. బజ్జీల బండి దగ్గర నిలబడి ఆలోచించాను. ఒక్కడు ఏడిస్తేనే కీడు పోయేటప్పుడు, ఇంతమంది అభిమానులు ఏడిస్తే ఆ కీడు జిల్లా దాటి పోదా? అందరికీ చెబితే అందులో పోశెట్టి కూడా ఉంటాడు గదా? సేటు వచ్చే ముందు చానల్ పేరు ఊరంతా మోగితే మంచిదే గదా? అవ్వ నవ్వుతున్న ఫొటో ఒకటి తీసి, రంగులు తీసేసి, దండ వేసి, ‘మన లచ్చవ్వ ఇక లేరు’ అని పోస్టు పెట్టాను. మొదట మన భాషలోనే రాశాను. మన భాషలో చావు కూడా కామెడీలా ఉందని మార్చి పుస్తకాల తెలుగులో పెట్టాను. తెల్లారి అవ్వతో ఒక వీడియో చేయించి అందరినీ నవ్వించేద్దామని నా పథకం. శీను చూసి, నీకు బుద్ధుందా అన్నాడు. ఉండబట్టే చేశానన్నాను.

ముందుగా వాళ్ళ వాడకట్టు ఆడవాళ్ళు ఫోన్లలో చూసి, కొంగులు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ లచ్చవ్వ ఇంటికి పరుగెత్తారు. ఆమె అరుగు మీద కూర్చుని బీడీలకు దారం కడుతోంది. వాళ్ళు గడపకు దూరంగా ఆగిపోయారు. ఎవరూ ముందుకు రాలేదు, వెనక్కీ పోలేదు.

“ఎవలు సచ్చిండ్రే?” అని అడిగింది లచ్చవ్వ.

వాళ్ళు ఒకరి వెనక ఒకరు సర్దుకున్నారు. చివరికి ఒకామె, “నువ్వే,” అంది.

ఆమె నన్ను పిలిపించింది. పోశెట్టికి చెప్పావా అని అడిగింది. అందరికీ చెప్పానని గర్వంగా అన్నాను. “అందరికి చెప్పుమన్ననా?” అంది. తిట్టలేదు. లచ్చవ్వ తిట్టకపోవడం నాకు అప్పుడే బాగా అనిపించలేదు. ఎంత బతిమాలినా వీడియోకు ఒప్పుకోలేదు. దూరం నుంచి ఆమె బీడీలు చుడుతుంటే దొంగతనంగా తీసి, అవ్వ బతికే ఉందని పెట్టాను.

ఎవరూ నమ్మలేదు. పాత వీడియో అన్నారు. తేదీ కనబడేలా ఆ రోజు పేపరు పక్కన పెట్టి మళ్ళీ తీస్తే, ఇది కంప్యూటర్‌తో చేసిన బొమ్మ అన్నారు, చేతివేళ్ళు చూడండి, మనిషి వేళ్ళు అంత వేగంగా కదుల్తాయా అన్నారు. నలభై ఏళ్ళు బీడీలు చుట్టిన వేళ్ళు అలాగే కదుల్తాయని నేను రాస్తే, పోయినామెను ఇలా ఆడించకురా, పాపం తగుల్తుందని భీమ్‌గల్ నుంచి ఒకామె ఏకంగా ఫోన్ చేసి ఏడ్చింది. లచ్చవ్వ ఆమెకు కల్లోకి వచ్చి చాయ్ అడిగిందట. సేటు కూడా ఫోన్ చేశాడు. “తమ్మీ, పోయిన మనిషి బొమ్మ పసుపు మీద వేస్తె ఎవలు కొంటరు?” అన్నాడు. బతికే ఉంది సేటూ అంటే, బేస్తారం వచ్చి చూస్తానన్నాడు గానీ ఆ గొంతులో నమ్మకం లేదు.

బుధవారం పొద్దున వెళితే లచ్చవ్వ ఇంటికి తాళం ఉంది. ఎటు వెళ్ళిందో పక్కింటివాళ్ళకూ తెలీదు. ఆమె దగ్గర ఫోను లేదు. మధ్యాహ్నానికి మా పోస్టు కింద కొత్త రకం కామెంట్లు మొదలయ్యాయి. జక్రాన్‌పల్లి దగ్గర బస్సులో లచ్చవ్వ తన పక్కనే కూర్చుందని, ఒంటి మీద బీడీ ఆకు వాసన కూడా వచ్చిందని ఒకతను రాశాడు. ఆమె పైసలివ్వకుండానే కండక్టర్ టికెట్ ఇచ్చాడట, అది దయ్యం కాకపోతే మరేంటట. ఆడవాళ్ళందరికీ బస్సు ఉచితమేనని ఇంకొకరు గుర్తుచేశారు. ఆధార్ కార్డు చూపించింది గదా, దయ్యానికి కార్డెక్కడిదని మరొకరు అడిగారు. కార్డు బతికున్నప్పటిదే గదా అని మొదటివాడు జవాబిచ్చాడు. ఆ తర్వాత ఆర్మూర్ బస్టాండ్‌లో ఒకరికి కనబడింది. పలకరిస్తే తల తిప్పలేదట. సాయంత్రానికి మెండోర నుంచి కబురు వచ్చింది. మధ్యాహ్నమే లచ్చవ్వ ఆత్మ తమ్ముడి ఇంటి ముందు చాలాసేపు కదలకుండా నిలబడిందట. పోశెట్టి భార్య చూసి తలుపు వేసుకుని సందుల్లో గుడ్డలు కుక్కిందట.

మీరు నవ్వుతున్నారు. అబద్ధం పుట్టించినవాణ్ణి నేనే, ఆమె బతికుందని అందరికంటే ముందు తెలిసినవాణ్ణి నేనే. అయినా ఒక్కో కామెంటూ చదువుతుంటే వెనక్కి తిరిగి చూసుకునేవాణ్ణి. తాళం వేసిన ఆ ఇల్లు గుర్తొచ్చేది. ఆమెను నేను పొద్దున కళ్ళతో చూడలేదు కదా అనిపించేది. పోస్టు పెట్టిన వేళకు నిజంగానే ఏదైనా జరిగి, ఆ తర్వాత నేను మాట్లాడింది ఇంకెవరితోనో అయితే? ఇంత పిచ్చి ఆలోచన ఎలా వచ్చిందని అడక్కండి. వచ్చింది.

మర్చిపోయిన కెమెరా స్టాండు కోసం పొద్దు గూకే వేళ క్వార్టర్లకు వెళ్ళాను. నా అడుగుల చప్పుడే గదుల్లో తిరిగి నా వెనక వస్తోంది. కాకి తన్నిన వరండాలో, అదే గోడకు ఆనుకుని, కొంగు తలమీద కప్పుకుని లచ్చవ్వ కూర్చుని ఉంది.

అవ్వా అని పిలవబోయి ఆగాను. మొదట ఆమె పాదాలు చూశాను. చీర కప్పేసింది. నీడ చూద్దామంటే పొద్దు లేదు. ఆమె తల తిప్పకుండానే, “వాడు తలుపు వెట్టుకున్నడు నరేశా,” అంది. “నేను సచ్చిన్నని తెల్సి గూడ రాలె. ఇంటి ముందటికి పోతె తలుపు వెట్టుకున్నడు.”

అప్పుడు నాకు భయం పోయింది. భయం పోయిన చోట అంతకంటే పాడుది వచ్చి కూర్చుంది. ఆమెకు కాకి ఒక సాకు మాత్రమే. చచ్చానంటేనైనా తమ్ముడు వస్తాడేమో చూడాలని ఇన్నేళ్ళుగా ఉన్న కోరిక అది. ఒక్కరికి చెప్పాల్సిన మాట నేను ఊరందరికీ చెప్పి పాడుచేశాను. రేపు సేటు వస్తాడని గొణిగాను. వస్తే రానీ, తను మాట్లాడదంది. ఆ చీకట్లో ఇద్దరం ఇంటికి నడిచి వచ్చాం. నిజం చెబుతున్నాను, దారి పొడవునా నేను ఆమె పాదాల వంకే చూస్తూ నడిచాను.

బేస్తారం నాడు సేటు వచ్చాడు. లచ్చవ్వ అరుగు మీద చాట ముందు పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చుట్టడం లేదు. మాట్లాడడం లేదు. ఎదురుగా గోడను చూస్తోంది. సంతకం పెట్టడం వీడియో తీద్దామని శీను కెమెరా ఆన్ చేసి మూల నిలబెట్టాడు. సేటు కాగితాలు చంకలో పెట్టుకుని వాకిట్లోనే నిలబడిపోయాడు. నన్ను దగ్గరికి పిలిచి, “తమ్మీ, ఊపిరి తీసుకుంటున్నదా?” అని చెవిలో అడిగాడు. తీసుకుంటుందన్నాను. కానీ నేను కూడా ఒకసారి చూసుకున్నాను.

అప్పుడే ఒక ముసలాయన చిన్న మూట పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. ఎవరినీ పలకరించలేదు. అరుగు మీద ఉన్న మనిషిని ఒక్కసారి చూసి వెంటనే తల దించుకున్నాడు. నేల మీద మూట విప్పి కొత్త చీర, గాజులు, రెండు జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ కారం పెట్టాడు. నేను నోరు తెరవబోయాను. లచ్చవ్వ నా వైపు చూసి వేలు కొంచెం ఎత్తింది. నోరు మూసుకున్నాను.

“అక్కా, మొదాల పిలగాండ్లు చెప్తె వీడియో అనుకున్న,” అన్నాడు పోశెట్టి, నేలను చూస్తూ. “నిన్న నువ్వు ఇంటి ముందటికి వచ్చినవని చెప్తె గప్పుడు నమ్మిన. నేను చేన్ల ఉన్న. ఇంట్ల ఉంటె తలుపు తీసేటోన్ని.”

లచ్చవ్వ కదల్లేదు.

“మన అవ్వను కాలవెట్టిన నాడు వాన మబ్బు వట్టింది. పెద్దమనుషులు తొందర వెట్టిండ్రు. నీ బస్సు వస్తున్నదని నాకు ఎరుకే అక్కా. ఆగుండ్రి అని ఒక్క మాట అనలేదు. ఒక్క మాట అంటె ఆగేటోళ్ళు.” నేల మీద కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకుని పెద్దగా ఏడ్చాడు. “ఇప్పుడు నిన్ను గూడ నేను లేకుండనే కాలవెట్టిండ్రు. నాకు గట్లనే కావాలె.”

వాకిలంతా ఆ ఏడుపే. సేటు గోడకు అంటుకుపోయాడు. లచ్చవ్వ తమ్ముణ్ణి ఆపలేదు, కడదాకా ఏడవనిచ్చింది. ఏడుపు తగ్గి ఎక్కిళ్ళ దాకా వచ్చాక, ముందుకు వంగి, జొన్నరొట్టె ఒకటి తీసుకుని తుంచింది.

“ఇంకేమన్న ఉన్నదా?” అంది. “ఉంటె ఇప్పుడే చెప్పు. మల్ల ఏడ్వనియ్య.”

పోశెట్టి తలెత్తలేదు. మెల్లగా చెయ్యి చాచి ఆమె చీర అంచు పక్కకు జరిపి, పాదం పట్టుకుని చూశాడు. వేళ్ళు ముందుకే ఉన్నాయి. మడమ వెనకే ఉంది. వెచ్చగా కూడా ఉండి ఉంటుంది, ఎందుకంటే ఆ పాదం వదలకుండా చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత లేచి, అక్కను ఏమీ అనలేక, పక్కనే ఉన్న నన్ను ఈడ్చి ఒక్కటి కొట్టాడు. సరైన మనిషినే కొట్టాడు. ఆ తర్వాత అక్కాతమ్ముళ్ళు ఎదురెదురుగా కూర్చుని ఆ రొట్టెలు తిన్నారు. చచ్చినవాళ్ళ కోసం తెచ్చిన తిండిని చచ్చిన మనిషి అంత ఇష్టంగా తినడం నేనైతే ఎప్పుడూ చూడలేదు.

తినడం అయ్యాక లచ్చవ్వ మూతి తుడుచుకుని సేటు వైపు తిరిగింది. ఆయన ఇంకా గోడకే ఉన్నాడు. జీతాలు నెల మొదట్లోనే రావాలని, ఏడాది కాదు రెండేళ్ళకు రాయాలని, పొట్లం మీద బొమ్మలో తన ముక్కుపుడక కనబడాలని చెప్పింది. మాతో అంతకుముందు ప్రతి మాటకూ బేరమాడిన సేటు ఒక్కదానికీ కాదనలేదు. ఆమె మొహం వంక చూడకుండా కాగితాల మీద సంతకాలు పెట్టి, చెప్పులు చేత పట్టుకుని కారెక్కాడు. చానళ్ళను వ్యాపారంగా ఎలా నిలబెట్టాలని ఇప్పుడు నన్ను కొందరు కుర్రాళ్ళు అడుగుతుంటారు. వాళ్ళకు ఈ పద్ధతి చెప్పడానికి నాకు ధైర్యం చాలదు.

శీను దుబాయ్ వెళ్ళలేదు. అయితే ఆ రోజు మూలన నిలబెట్టిన కెమెరాను ఎవరూ ఆపలేదు. పోశెట్టి ఏడుపు మొత్తం అందులో ఉంది. అంత గొప్ప వీడియో మేము జన్మలో తీయలేము. పెడదామా అవ్వా అని చాలా మెల్లగా అడిగాను. అవ్వ ఒక్క చూపు చూసింది. పెట్టలేదు. ఆమెకొక చిన్న ఫోను కొని అందులో మాత్రం వేసి ఇచ్చాం. రోజూ మధ్యాహ్నం బీడీలు చుడుతూ చాట పక్కన పెట్టుకుని దాన్ని చూస్తుంది. తమ్ముడు ఏడ్చే చోట చేతులు ఆపి, వెనక్కి తిప్పుకుని మళ్ళీ చూస్తుంది. మా చానల్‌లో అన్నిటికంటే ఎక్కువసార్లు చూసిన వీడియో అదే. చూసేది ఒక్కరే.

కాబట్టి పాఠక మహాశయులారా, కెమెరా స్టాండు మీద చెయ్యి వేసి, లచ్చవ్వ ఎదురుగా, శీను సాక్షిగా, కళ్ళు మూసుకుని నేను ప్రమాణం చేశాను. కాకి తన్నినా, గద్ద తన్నినా, ఇకమీదట ఎవరి చావు కబురైనా సరే, చచ్చినవాళ్ళు స్వయంగా వచ్చి నాతో చెబితే తప్ప పోస్టు పెట్టను.

లచ్చవ్వ బీడీ చుట్టడం ఆపలేదు, తల కూడా ఎత్తలేదు.

“వచ్చి చెప్త తియ్యి,” అంది.